బ్రేకుల్లో గాలి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. పుట్టుకతో ఇలా లేను లెండి. ఆ బండి మా ఇంటికొచ్చాక ఇలా తయారయ్యాను.

మా ఇంటి గోడకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా అదే. అందులో మా ఆయన బండి ఉండేది. ఫోర్ వీల్ డ్రైవ్. మామూలు కార్లకి రెండు చక్రాలే లాగుతాయట, దీనికి నాలుగూ లాగుతాయట. అది లాగింది మాత్రం మా కాపురాన్ని. వయసులో నాకంటే పెద్దది. ఎవరో వాడి వాడి వదిలేస్తే ఈయన కళ్లకద్దుకుని తెచ్చుకున్నాడు. వచ్చిన నాటి నుంచి ఒక్క రోజన్నా ఒక్క ముక్కగా ఉన్న పాపాన పోలేదు.

ఎత్తు చాలదని కింద కమాన్లు, అంటే స్ప్రింగు పట్టీలు, మార్చాడు. కమాన్లు మార్చాక టైర్లు చిన్నగా కనిపిస్తున్నాయని పెద్ద టైర్లు వేశాడు. పెద్ద టైర్లు వేశాక బ్రేకులు ఆనడం లేదని బ్రేకులు విప్పాడు. బేరింగులు నా పాల గిన్నెలో కిరసనాయిల్ పోసి నానబెట్టేవాడు. గేర్‌బాక్సు ఒక చలికాలమంతా మా మంచం కింద ఉంది. ముందు బంపర్ మీద ఇనప తాడు చుట్టుకునే మోటారొకటి బిగించాడు, బురదలో దిగబడితే చెట్టుకి కట్టి లాక్కోవడానికట. నీళ్లలో దిగినా ఇంజిన్‌కి ఊపిరాడాలని టాపుదాకా గొట్టం నిలబెట్టాడు. ఏళ్లకేళ్లు ఏరు దాటడానికి తయారైన బండి మా వీధి చివర బంకు దాటింది లేదు.

దాన్ని చూసుకున్నట్టు నన్ను చూసుకుని ఉంటే నేనూ ఈ పాటికి తుప్పు లేకుండా ఉండేదాన్ని. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది.

నాకు ఆ బండి గురించి తెలిసిందల్లా పెడల్ తొక్కడం. బ్రేకు గొట్టాలు విప్పి బిగించినప్పుడల్లా వాటిలోకి గాలి చేరుతుంది. ఆ గాలి తీసేదాకా ఎంత తొక్కినా బండి ఆగదు. తీయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం వెనకాల ఉన్న చిన్న నట్టు వదులు చేసి, బుడగలు పోగానే మళ్లీ బిగించాలి. కింద ఉన్న మనిషి పై మనిషికి కనబడడు. మాటే ఆధారం. తొక్కు. పట్టుకో. వదులు. మా ఇద్దరి మధ్య ఈ మూడు మాటలు నడిచినన్ని ఇంకే మాటలూ నడవలేదు.

మిగతా లివర్లు ఏమిటో, ఎందుకో నాకు చెప్పలేదు. చెయ్యి పొరపాటున అటు పోతే నా మణికట్టు మీద రెండుసార్లు తట్టేవాడు. అది కాదు అని దానర్థం. నోరు విప్పి చెప్తే ముత్యాలు రాలతాయేమో.

ఆ బండి కిందే పోయాడు.

లేత్ మిషను నడిపే ఒకాయన మావారికి స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. జరిగిందేమిటో ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. "వదినా, ఈ పాత బండ్లకి హ్యాండ్‌బ్రేకు చక్రాలని పట్టుకోదు, మధ్యలోంచి వెనక్కి వెళ్లే షాఫ్టుని పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపామా, అది గాల్లో ఉత్తినే తిరుగుతుంది. ఇక హ్యాండ్‌బ్రేకు ఉన్నా లేనట్టే. అందుకే ముందు చక్రాల వెనక ఇటుకలు పెడతాం. లేదంటే నాలుగు చక్రాలనీ కలిపే ఆ చిన్న లివరు వేస్తాం, అప్పుడు ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. ఈ సంగతి మాకందరికీ నేర్పిందే అన్నయ్య." ఊరందరికీ నేర్పినవాడు తను మాత్రం రెండిటిలో ఏదీ చెయ్యలేదు. ఇటుకలు గోడవార ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎందుకంటే ఆయన ఆఖరి మాట నేను విన్నాను. వంటింట్లో ఉన్నాను, కిటికీ తెరిచి ఉంది. షెడ్డులోంచి ఆయన గొంతు వినపడింది, ఎవరితోనో మెల్లగా, మురిసిపోతూ, "ఇవాళ ఏంటే ఇంత ప్రేమ?" అంటున్నాడు. నాతో ఏనాడూ అలా మాట్లాడలేదు. ఫోన్లో ఎవత్తెతోనో అనుకున్నాను. గిన్నె సింకులో విసిరి కొట్టాను. ఆ చప్పుడు తగ్గేలోగా షెడ్డులో ఇంకో చప్పుడైంది.

తర్వాత ఆయన ఫోను ఎంత వెతికినా ఆ వేళకి ఎవరికీ చేసినట్టు లేదు. చెరిపేసి ఉంటాడులే అనుకున్నాను. అప్పట్నుంచి ఆయన్ని తిట్టని రోజు లేదు.

పోయినాయన పోయాడు. నాకు మిగిలింది మా అమ్మాయి ఒక్కతే. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది, చేతులు సన్నటి పనికి అలవాటుపడ్డాయి. పనినుంచి రాగానే బట్టలు మార్చుకుని షెడ్డులోకి దూరేది. తండ్రి బండి తండ్రి ఎక్కడ వదిలాడో అక్కడ్నుంచి మొదలుపెట్టింది. అన్నం తినవే అంటే ఇదిగో వస్తున్నా అనేది. అచ్చం ఆయన గొంతే. నాకు గుండెలు జారిపోయేవి, నోట్లోంచి మాత్రం తిట్లే వచ్చేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్ద గొడవ పెట్టుకున్నాం. బండి తుక్కుకి ఇచ్చేద్దామన్నాను. నాన్నది ఇవ్వనంది. "అయితే పో. మీ నాన్న దగ్గరికే పో" అన్నాను. తల్లులు అనే మాటే, ఎవరూ నిజంగా అనరు. కానీ అది మొహం పక్కకి తిప్పేసుకుంది.

సాయంత్రం వాన మొదలయ్యాక వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడింది. చేతుల నిండా నల్లటి గ్రీజు.

"కొత్త బ్రేకు గొట్టాలు వేసేశానమ్మా. గాలి తియ్యాలి. నువ్వొచ్చి పెడల్ తొక్కు."

"నేను రాను."

"గాలి తీస్తే బండి నడుస్తుంది. నడిస్తే లేత్ బాబాయి వాళ్ల షెడ్డుకి తోలుకెళ్లిపోతాను. నీ కంటికి కనపడదు. సరేనా?"

సరే అన్నాను. కంటికి కనపడదన్న మాటకి ఆశపడ్డాను.

షెడ్డు గచ్చు గుమ్మం వైపుకి వాలుగా ఉంటుంది, కడిగిన నీళ్లు బయటికి పోవాలని ఆయనే అలా పోయించాడు. బండి ముక్కు లోపలి గోడకి, వీపు గుమ్మానికి. అంటే వదిలేస్తే వెనక్కి జారుతుంది. వెనక ఎడమ చక్రం విప్పి పక్కన పెట్టింది అమ్మాయి, అది ఉంటే నట్టు అందదట. ఇరుసు కింద జాకీ. దాన్ని చూడగానే గోడవారకి నడిచాను.

ఇటుకలు నేనే తెచ్చాను. ముందు చక్రాలు రెండిటి వెనకాలా పెట్టి, కాలితో తన్ని బిగించాను. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

"చిన్న లివరు కూడా వేశాలేమ్మా" అంది అమ్మాయి. "నాన్నలా మర్చిపోను."

"మీ నాన్న మర్చిపోలేదు, పట్టించుకోలేదు" అన్నాను. అది అట్ట పరుచుకుని కిందకి దూరింది.

నేను సీటెక్కాను. ఎత్తు పెంచిన బండి కదా, ఎక్కాలంటే తలుపు పట్టుకుని వేలాడాలి. లోపల పాత రెగ్జిను వాసన, డీజిలు వాసన. కింద్నుంచి బ్రేకాయిల్ వాసన, గొంతుకి అడ్డం పడే తియ్యటి వాసన. రేకుల మీద వాన ఒకటే మోత. వెలుతురంటే అమ్మాయి కింద పెట్టుకున్న చేతిదీపం ఒక్కటే. లివర్ల చుట్టూ ఉన్న రబ్బరు చిరిగిపోయి ఉంది, ఆ చిరుగుల్లోంచి వెలుతురు సన్నటి గీతల్లా నా కాళ్ల మీద పడుతోంది.

"తొక్కు."

తొక్కాను.

"పట్టుకో."

కింద నట్టు వదులైంది. పెడల్ నా కాలి కింద మెత్తగా నేలదాకా దిగిపోయింది. ఆ దిగిపోవడం నాకెప్పుడూ ఇష్టముండదు, మెట్టు ఉందనుకుని కాలేస్తే లేనట్టు ఉంటుంది. నట్టు మళ్లీ బిగుసుకుంది.

"వదులు."

అలా చాలాసేపు నడిచింది. ఇద్దరం ఒక వరసలో పడ్డాం. ఎంత గొడవపడ్డా చేతులు కలిసి పని చేస్తుంటే మనసు కొంచెం చల్లబడుతుంది. ఇది అయ్యాక దానికి వేడివేడిగా ఏదన్నా చేసి పెడదాం అనుకున్నాను. మధ్యాహ్నం అన్నదానికి ఏదో ఒక మంచి మాట అందాం అనుకున్నాను. మంచి మాట ఏదా అని వెతుక్కుంటుంటే కింద గొణుగుడు వినపడింది.

"ఊఁ... సరే... సరేలే..."

అమ్మాయి గొంతే. తండ్రి కూడా పని చేస్తూ నట్లతో మాట్లాడేవాడు. పోలిక ఎక్కడికి పోతుంది అనుకుని ఊరుకున్నాను.

"తొక్కు."

తొక్కాను. పట్టుకో అనే మాట రాలేదు. కాలు అలాగే బిగబట్టుకుని కూర్చున్నాను. పిక్క లాగుతోంది.

"ఏమే? పట్టుకోనా, వదలనా?"

మళ్లీ గొణుగుడు. ఈసారి చిన్నగా నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆ తర్వాత గచ్చు మీద ఏదో గరగరా ఈడ్చిన చప్పుడు. ఆగింది. మళ్లీ ఈడ్చిన చప్పుడు.

నా కాళ్ల మీది వెలుతురు గీతలు ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వచ్చాయి. దీపానికి ఎవరో అడ్డం వచ్చినట్టు. అమ్మాయి ఎడమ వైపు ఉంది. గీతలు ఆరింది కుడి వైపు.

"ఏమే... బయటికి రా."

"ఇంకా కాలేదు."

"కాకపోతే పోయింది. రేపు చూద్దాం. రా ముందు."

అమ్మాయి కింద్నుంచి విసుగ్గా, గుసగుసగా అంది. "నువ్వే కదా ఉండమన్నావు."

మధ్యాహ్నం గొడవ ఇంకా మనసులో పెట్టుకుని ఎత్తిపొడుస్తోందనుకున్నాను. దానికి ఏదో అనబోయాను.

అప్పుడు నా మోకాలికి ఏదో తగిలింది.

చిన్న లివరు... ఆయన చచ్చిపోయిన రోజు వెయ్యని లివరు. అమ్మాయి వేశానని చెప్పిన లివరు. అది మెల్లగా కదులుతోంది. ఎవరూ ముట్టుకోలేదు. దాని పిడి నా మోకాలిని తోసుకుంటూ ముందుకి పోతోంది.

రెండు చేతులతో పట్టుకున్నాను.

పిడి ఐసుముక్కలా ఉంది. నేను వెనక్కి లాగుతుంటే అది ముందుకి పోతోంది. అవతల బలం ఉంది. మనిషి బలం. ఇనుము ఊరికే జారితే అలా ఉండదు, తోసేవాడు మధ్యమధ్యలో పట్టు మార్చుకుంటున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, పక్క సీట్లో ఎవరో ఉన్నారని. అటు చూడలేదు. చూడాల్సిన పని లేదు. ఇన్నేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాను, పక్కన ఆ బరువు ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"వద్దు" అన్నాను. "నన్ను వేపుకు తిన్నది చాలదా... దాన్నొదిలెయ్. అది నీ కూతురు."

ఆయన వదల్లేదు. నేనూ వదల్లేదు. లివరు తీసేసి బండిని దాని మీదకి తోస్తాడనుకున్నాను. బతికుండగా ఈ ఇంట్లో నేనంటే లెక్క లేదు, చచ్చాక కూడా నా దగ్గర మిగిలిన ఒక్కదాన్నీ లాక్కుపోడానికి వచ్చాడనుకున్నాను. పళ్లు బిగపట్టి, కాళ్లు డాష్‌బోర్డుకి తన్నిపట్టి లాగాను. కోపం అంత బలమిస్తుందని నాకు తెలీదు.

"బయటికి రావే... నీకు దణ్ణం పెడతాను, రా..."

"ఒక్క నిమిషం" అంది కింద్నుంచి. మత్తుగా అంది. నిద్రలో మాట్లాడినట్టు.

బండి కదిలింది.

కొంచెమే. కానీ సీటు కింద తెలిసింది. గచ్చు మీద టైరు కిర్రుమంది. జాకీ మూలిగింది. ఇటుకలు... ఇటుకలేమయ్యాయి? నా కాళ్లతో తన్ని బిగించాను కదా. బ్రేకు తొక్కాను. పెడల్ మెత్తగా నేలకి దిగిపోయింది... మళ్లీ తొక్కాను... మళ్లీ దిగిపోయింది...

"అమ్మా?" అంది అమ్మాయి కింద. ఈసారి గొంతులో మత్తు లేదు. "అమ్మా, బండి జరుగుతోంది."

నేను లివరు ఇంకా గట్టిగా లాగాను. అప్పుడు నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. చల్లగా, గరుగ్గా ఉంది. లాగలేదు. విదిలించలేదు.

రెండుసార్లు తట్టింది.

అది కాదు.

ఎన్నేళ్లుగానో ఎరిగిన తట్టు అది. దాని మీద నాకు చిరాకే తప్ప ఏనాడూ నమ్మకం లేదు. ఆ క్షణంలో ఎందుకు నమ్మానో చెప్పలేను. చేతులు రెండూ వదిలేశాను.

లివరు ముందుకి దూసుకుపోయి టక్కున పడింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది.

ఎలా దూకానో తెలీదు. బండి వెనక్కి పరిగెత్తి, నేల మీద పడి, చేతికి అందిన చీలమండ పట్టుకుని మా అమ్మాయిని ఈడ్చేశాను. జాకీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. చక్రం లేని బ్రేకు డ్రమ్ము దాని ఛాతీకి జానెడు ఎత్తులో వేలాడుతోంది. బయటికి వచ్చాక దాని మొహమంతా తడిమాను. తల తడిమాను. ఎక్కడా ఏమీ కాలేదు. బతికే ఉంది.

గుమ్మం బయట వానలోకి లాక్కొచ్చి నిలబెట్టాను. దాని చెయ్యి నా చేతిలో గట్టిగా పట్టుకున్నాను. అది ఆయాసపడుతూ వెనక్కి చూస్తోంది.

"లివరు సరిగ్గా పడలేదనుకుంటా" అంది. "ఒక్కోసారి అంతేనమ్మా, లోపల పళ్లు కలవవు, బండి కొంచెం జరిగితే గానీ పూర్తిగా పడదు. పోనీలే, టైముకి వేశావు. నీకెలా తెలుసు?"

"ఇటుకలేవే?" అన్నాను.

నా వైపు వింతగా చూసింది.

"నీకే కదా ఇచ్చాను."

"నాకా?"

"అడ్డంగా ఉన్నాయి తియ్యమన్నావు కదా. తీసి ఇస్తే అందుకున్నావు. రెండూ." మాట్లాడుతుంటేనే దాని గొంతు సన్నగిల్లిపోతోంది. "నువ్వు నా పక్కన పడుకున్నావు కదమ్మా. కుడి పక్కన. నా మీద చెయ్యేసి..."

"నేను సీట్లో ఉన్నానే. పెడల్ ఎవరు తొక్కారనుకున్నావు?"

"అదే... అదే నేనూ అనుకున్నాను. కానీ అడగబుద్ధి కాలేదు." కిందకి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మధ్యాహ్నం అన్నది మనసులో పెట్టుకోకు తల్లీ అన్నావు. కాసేపు నా దగ్గరే ఉండు, ఇంకా కాలేదు అన్నావు. నాన్న పోయాక నువ్వు నాతో అలా మాట్లాడనే లేదు. అందుకే లేవాలనిపించలేదమ్మా."

ఆయన ఆఖరి మాట గుర్తొచ్చింది. ఇవాళ ఏంటే ఇంత ప్రేమ? ఫోన్లో ఎవత్తెతోనో అనుకున్నాను. ఆయన మాట్లాడింది నాతో. నేననుకుని దానితో. ఇటుకలు తియ్యమంటే తీశాడు, ఉండమంటే ఉన్నాడు. ఆ ఒక్కరోజు పెళ్లాం ప్రేమగా మాట్లాడిందని మురిసిపోయి ఉన్నాడు. ఇన్నాళ్లూ తిట్టాను. చచ్చినవాణ్ణి, మారు మాట చెప్పుకోలేనివాణ్ణి, పొద్దున లేస్తే తిట్టాను. అయినా వచ్చాడు. నా తిట్లు తింటూనే నా చెయ్యి మీద తట్టాడు. వానలో నిలబడి మొదటిసారి ఆయన కోసం ఏడ్చాను.

షెడ్డులో దీపం ఇంకా వెలుగుతోంది, బండి కింద. ఆ వెలుతుర్లో గోడవారన ఇటుకలు కనిపిస్తున్నాయి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

లోపల నట్టు వదులైన చప్పుడైంది. చిన్న చప్పుడే. మళ్లీ బిగుసుకుంది.

"తల్లీ..."

నా గొంతు. అచ్చంగా నాది. కానీ నాలో ఎప్పుడో ఎండిపోయిన మెత్తదనం అందులో ఉంది. మా అమ్మాయి పాలుతాగే వయసులో ఉన్నప్పుడు నేను అలా పిలిచేదాన్ని.

"వానలో ఎందుకు తడుస్తావు తల్లీ... జలుబు చేస్తుంది... రా..."

అమ్మాయి అటు చూసింది. మళ్లీ నా వైపు చూసింది. నా కళ్లలోకి చూసింది, నుదురు చూసింది, నోరు చూసింది. కన్నతల్లిని చూసే చూపు కాదది. ఇద్దరిలో ఎవరు, అని చూస్తోంది.

ఒక్క మంచి మాట చాలు. తల్లీ అంటే చాలు. బంగారం అంటే చాలు. నాకు తెలుసు. నోరు తెరిచాను. రోజూ వచ్చే మాటే వచ్చింది.

"నోరు మూసుకుని ఇంట్లోకి నడవ్వే."

బండి కింద దీపం కొంచెం పక్కకి జరిగింది, ఇంకొకరికి చోటిస్తున్నట్టు.

నా చేతిలోంచి అమ్మాయి చెయ్యి జారింది. వాన నీళ్లకి జారిందనుకుని మళ్లీ పట్టుకోబోయాను. కాదు... తనే లాక్కుంది.